ఓడితే ఎక్కడికి? పల్నాటి పాటలో, కాకతీయుల శాసనాల్లో రాచ స్త్రీల లెక్కలు

డ్రాగన్లు ఎగిరే సీరియల్ కొత్త సీజన్ వచ్చిందంటే గుంటూరు బ్రాడీపేట హాస్టళ్లలో రెండు వారాలపాటు ఒకటే వాదన. ఫలానా రాణి విషం పెట్టించడం తప్పా, ఒప్పా? ఫలానా రాకుమారి తన వాళ్లను చంపినవాళ్ల ఇంట్లోనే కోడలిగా ఎందుకు ఉండిపోయింది? కొడుకు కోసం అన్ని అబద్ధాలాడిన తల్లిని తిట్టాలా, జాలిపడాలా? చాలాసార్లు వాదన ఒక్క మాట దగ్గర ఆగిపోతుంది: "ఆవిడ మంచిది కాదు."

ఈ ప్రశ్నలు ఈ ప్రాంతానికి కొత్తవి కావు. సవతి కొడుకుల తగాదా, పందెంలో పోయిన రాజ్యం, విషానికి బలైన రాయబారి, తండ్రి ఒక పక్క భర్త ఒక పక్క నిలబడితే మధ్యలో పడిన ఆడపిల్ల, అన్నీ 12వ శతాబ్దం నాటి, నేటికీ పాటగా పాడే పల్నాటి వీరుల కథలో ఉన్నాయి. గుంటూరు వాళ్లకు ఆ కథ చెప్పడమంటే తల్లి పుట్టింటి గొప్పలు మేనమామ దగ్గర చెప్పినట్టే. అయితే ఆ సామెతలోనే ఈ కథకు తాళంచెవి ఉంది. తల్లి పుట్టిల్లు. ఆ కాలంలో రాచ ఇంటి ఆడది ఒక ఎత్తు వేసిందంటే, ఆ ఎత్తు పారకపోతే ఆమె ఎక్కడికి పోగలదో ముందు చూడాలి. తలుపు తీసే పుట్టిల్లు ఉందా? వెనక నిలబడే అన్నదమ్ములున్నారా? అది తేలితే ఆమె చేసిన పనికి సగం కారణం దొరికినట్టే.

పల్నాడు రాజ్యమే ఒక పెళ్లి కానుక. చందవోలు రాజధానిగా ఏలిన వెలనాటి చోడులు తమ ఆడపడుచు మైలమను అనుగురాజుకిచ్చి, పల్నాటి సీమను అరణంగా రాసిచ్చారని కథ. ఇందులో మామగారి తెలివి చూడాలి. వెలనాడు కృష్ణా డెల్టా కింద, వరి పండే నేల. పల్నాడు నాపరాళ్లు, అడవి, చాలీచాలని వాన, పైగా సరిహద్దు. అలాంటి చోట కాపలా పెట్టాలంటే బోలెడు ఖర్చు. కూతురితో పాటు దాన్నే అల్లుడికి ఇచ్చేస్తే కాపలా అల్లుడిది, నిశ్చింత మామది. రేపు గద్దెనెక్కేది మనవడే గనక భూమి పరాయి చేతుల్లోకి పోయినట్టూ కాదు.

లెక్క ఎక్కడ తప్పిందంటే, అనుగురాజుకు భార్య ఒక్కతే కాదు. మైలమ కొడుకు నలగామరాజు, సవతి కొడుకు మలిదేవుడు. తండ్రి పోయాక నలగాముడు గురజాలలో, మలిదేవుడు మాచర్లలో పాలించేలా రాజ్యం రెండైంది. మలిదేవుడి వెనక మంత్రి బ్రహ్మనాయుడున్నాడు. పాటలో మైలమ పెద్దగా మాట్లాడదు. కానీ తగాదా మొత్తం ఆమె చుట్టూనే తిరుగుతుంది. నేల వచ్చింది ఆమె అరణంగా. మరి ఆ అరణంలో సవతి బిడ్డకు వాటా ఏమిటి? ఈ మాట పాట సూటిగా అడగదు గానీ, గురజాల పక్షం అంత పట్టుదలగా ఎందుకుందో దీంతో కొంత అర్థమవుతుంది. పొలం గట్ల తగాదాలు చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అమ్మ పసుపు కుంకుమల కింద వచ్చిన పొలం మీద సవతి తమ్ముడు చెయ్యి వేస్తే ఈ రోజుకూ ఊరంతా పంచాయితీ.

ఇక నాయకురాలు నాగమ్మ. ఈమె రాచబిడ్డ కాదు, రైతు బిడ్డ. చిన్న వయసులోనే భర్త పోయాడు. జిట్టగామాలపాడులో పొలాలూ పశువులూ చూసుకుంటూ, ఊరి తగాదాలు తీరుస్తూ బతికింది. వేటకొచ్చి ఎండలో అలిసిపోయిన రాజుకూ పరివారానికీ విడిది, భోజనం ఏర్పాటు చేసింది. ఏం కావాలో కోరుకోమంటే నగలడగలేదు, మాన్యం అడగలేదు. కొన్ని గడియల మంత్రి పదవికి మాట తీసుకుంది. నలగాముడి కొలువులో ఆ గడియలు ఆమె చేతిలో ఏళ్లయ్యాయి. పసుపు కుంకుమలు పోయిన మనిషికి పేరంటాల్లో చోటు లేదు. కొలువులో దొరికింది. ఇది వినడానికి వింతగా ఉంటుంది గానీ అసలు కీలకం ఇదే. భర్త ఉన్న ఆడది ఏం మాట్లాడినా అది భర్త ఇంటి మాట అవుతుంది. విధవరాలి మాట ఆమెదే. పెళ్లి పేరు చెప్పి ఆమెను ఇంకో కోటకు పంపేయడం కుదరదు. కొడుకు కోసం పన్నాగం పన్నుతోందని అనడానికి కొడుకు లేడు. రాజుకు ఇంతకంటే నమ్మకమైన మంత్రి ఎక్కడ దొరుకుతాడు?

అదే ఆమె బలహీనత కూడా. ఎదుట ఉన్న బ్రహ్మనాయుడి సంగతి చూడండి. అతనిది మంత్రుల వంశం. మాచర్ల చెన్నకేశవస్వామి గుడి అతని భక్తికి కేంద్రం. చాపకూడు పెట్టి అన్ని కులాలనూ ఒక పంక్తిలో కూర్చోబెట్టాడు. మాల కన్నమదాసు లాంటి సేనాని అతని కోసం ప్రాణమిస్తాడు. అరవై ఆరుగురు వీరనాయకులు, ఒక కొడుకు ఉన్నారు. ఒక ఎత్తు తప్పినా అతనికి నిలబడే నేల ఉంటుంది. నాగమ్మకు ఉన్నది నలగాముడి చెవి ఒక్కటే. ఆ చెవి మూసుకున్న రోజు ఆమె మళ్లీ జిట్టగామాలపాడు విధవరాలే. అంటే ప్రతి ఎత్తూ గెలవాలి. ఒక్కటి ఓడినా ఆట అయిపోయినట్టే.

కోడిపోరు దగ్గర ఇది బాగా కనిపిస్తుంది. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలి పోవాలని పందెం. బ్రహ్మనాయుడి పుంజు ఓడింది. మలిదేవుడి పక్షం మాచర్ల వదిలి వలస పోయింది. నాగమ్మ మోసం చేసి గెలిచిందని పాట. చేసే ఉండొచ్చు. కానీ ఏడేళ్ల రాజ్యాన్ని పుంజు కాలికి కట్టిన మంత్రిని పాట ఒక్క మాట అనదు. సంక్రాంతి బరిలో ఎకరం పోగొట్టుకున్నవాణ్ని ఊళ్లో ఏమంటారో అందరికీ తెలుసు. ఇక్కడ పోయింది ఎకరం కాదు, మాచర్ల. బ్రహ్మనాయుడు సాత్వికుడే, సంస్కర్తే. ఆ పూట మాత్రం అతను జూదరి.

ఏడేళ్లూ గడిచాయి. మా రాజ్యం మాకిమ్మని మలిదేవుడి పక్షం రాయబారం పంపింది. ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. నాగమ్మ గురించి వాదించుకునేవాళ్లు ఎక్కువసేపు ఆగాల్సింది కూడా ఇక్కడే. సంధి కుదిరితే ఎవరికి ఏం మిగులుతుంది? నలగాముడికి మాచర్ల సీమ పోయినా గురజాల ఉంటుంది. మలిదేవుడికి తనది తనకొస్తుంది. బ్రహ్మనాయుడు మళ్లీ మంత్రి అవుతాడు, అన్నదమ్ములిద్దరికీ పెద్దదిక్కు అవుతాడు. నాగమ్మకు? బ్రహ్మనాయుడు గౌరవంగా తిరిగొచ్చిన పల్నాట్లో ఆమెకు కూర్చునే పీట కూడా ఉండదు. సంధి అందరికీ సగం నష్టం, ఆమె ఒక్కదానికే పూర్తి నష్టం. యుద్ధం అందరికీ ప్రమాదమే, ఆమెకు మాత్రం కొంత ఆశ. ఆమె యుద్ధం వైపు మొగ్గడానికి దుర్మార్గం అనే మాట అవసరం లేదు, ఈ కూడికలు తీసివేతలు చాలు.

ఇదంతా ఆమెను వెనకేసుకు రావడం కాదు. రాయబారిగా వచ్చిన అలరాజు చర్లగుడిపాడు దగ్గర విషప్రయోగంతో చనిపోయాడు. దాని వెనక నాగమ్మ మంత్రాంగం ఉందని కథ నిష్కర్షగా చెబుతుంది. రాయబారిని చంపడం ఏ కాలంలోనూ ఒప్పు కాదు. మంత్రాంగంగా చూసినా అది తెలివైన పని కాదు. అప్పటిదాకా అటూ ఇటూ ఊగుతున్నవాళ్లు కూడా ఆ ఒక్క చావుతో ఒక పక్కకు వచ్చేశారు. చెవి ఒక్కటే బలంగా ఉన్న మంత్రి, ఆ చెవి కాపాడుకునే ఆత్రంలో పెద్ద లెక్క తప్పిందనుకోవాలి.

ఇంతకీ అలరాజునే ఎందుకు పంపారు? అతను నలగామరాజు అల్లుడు. రాజు కూతురు పేరిందేవి, జనం నోట రత్నాల పేరమ్మ, అతని భార్య. మామగారి ఊరికి అల్లుడు వెళ్తే ఎవరేం చేస్తారన్న ధీమా. ఆ ధీమాకు పూచీకత్తు పేరమ్మ పసుపు కుంకుమలు. అంటే ఆమెను ఎవరూ అడగకుండానే ఆమె ఐదోతనాన్ని రాయబారం సంచిలో పెట్టి పంపారు. పంపినవాళ్లు ఆమె అత్తింటి వైపు వాళ్లు, చంపినవాళ్లు ఆమె పుట్టింటి వాళ్లు.

ఆ తర్వాత పేరమ్మ సహగమనం చేసింది. ఈ ఘట్టం పాడేటప్పుడు జనం కన్నీళ్లు పెట్టుకుంటారు, చేతులు జోడిస్తారు. ఆ భక్తి పక్కన పెట్టి చూస్తే ఆమె ముందున్న దారులు లెక్కపెట్టడానికి వేళ్లు కూడా అక్కర్లేదు. పుట్టింటికి పోవాలంటే భర్తను చంపించిన గడప. అత్తింట్లో ఉండాలంటే హంతకుల కూతురు. చితి పక్కన నిలబడినప్పుడు మాత్రమే ఊరంతా ఆమె మాట వింది. బతికున్నప్పుడు ఒక్క సభలో కూడా నోరు విప్పే వీల్లేని మనిషి, చచ్చే ముందు రెండు పక్షాలనూ నిలదీయగలిగింది. ఆమె చావు తర్వాత సంధి మాట ఎత్తినవాడు లేడు. ఒకరకంగా కారెంపూడి దగ్గర జరిగిన పల్నాటి యుద్ధానికి ముహూర్తం పెట్టింది ఆ చితే. ఎంచుకోవడానికి ఏమీ మిగలని మనిషి చేసిన పనిని ఎంపిక అనొచ్చా అన్నది మాత్రం తేలికైన ప్రశ్న కాదు.

మగువ మాంచాల గురించి చిన్నప్పటి నుంచీ అందరూ విన్నదే గనక ఎక్కువ అక్కర్లేదు. భర్త బాలచంద్రుడు, అంటే బ్రహ్మనాయుడి కొడుకు, ఆమె ముఖం చూడకుండా శ్యామాంగి అనే వెలయాలి ఇంట్లో గడిపినవాడు. తల్లి ఐతాంబ చెబితే యుద్ధానికి వెళ్లే ముందు భార్య దగ్గర సెలవు తీసుకోవడానికి వచ్చాడు. ఆమె పట్టి ఉంచలేదు, కత్తి చేతికిచ్చి పంపింది. దీన్ని త్యాగం అనడం అలవాటు. ఇంకోలా కూడా చూడొచ్చు. ఆపితే ఆమెకు దక్కేది యుద్ధానికి భయపడ్డ మొగుడు, అతను కూడా మళ్లీ శ్యామాంగి గుమ్మం తొక్కడని నమ్మకం లేదు. పంపితే వీరుడి భార్య అన్న పేరైనా మిగులుతుంది. కాపురం దక్కని మనిషి పేరును దక్కించుకుంది. లెక్క అంటే చాలామందికి నచ్చదు గానీ, ఆమె కళ్లు తెరిచే నిర్ణయం తీసుకుందని ఒప్పుకోవడంలో ఆమెకు తక్కువేమీ లేదు.

పాట వదిలి రాయి దగ్గరకు వస్తే వ్యవహారం మారుతుంది. పల్నాటి యుద్ధం జరిగింది 12వ శతాబ్దం చివర్లో. ఆ తర్వాత ఒకటి రెండు తరాల్లోనే కృష్ణాతీరం ఓరుగల్లు కాకతి గణపతిదేవుడి చేతికొచ్చింది. ఇతను కత్తితో ఎంత గెలిచాడో కల్యాణ మండపంలో అంత గెలిచాడు. దివిసీమను జయించి, అక్కడి అయ్య వంశపు ఆడపడుచులు నారాంబ, పేరాంబలను పెళ్లి చేసుకున్నాడు. వాళ్ల తోబుట్టువు జాయపను చేరదీసి గజసాహిణిని, అంటే ఏనుగుల దళానికి అధిపతిని చేశాడు. గుంటూరు నుంచి పొన్నూరు వెళ్లే దారిలో ఉన్న చేబ్రోలు ఆ జాయప సేనాని ఏలిన ఊరే. అతని శాసనాలు ఇప్పటికీ అక్కడున్నాయి. పెళ్లయింది ఇద్దరాడపిల్లలకు, పదవొచ్చింది తోబుట్టువుకు. ఓడిపోయిన ఇల్లు ఒక్క పెళ్లితో ఆస్థానంలో చుట్టమైపోయింది. నారాంబ, పేరాంబలకు పుట్టింటి బలం లేకపోవడం కాదు, పుట్టింటికే వాళ్లు బలమయ్యారు.

అదే గణపతిదేవుడు తన కూతుళ్ల విషయంలో వేసిన ఎత్తులు ఇంకా గట్టివి. గణపాంబను ధరణికోట ఏలుతున్న కోట వంశపు బేతరాజుకిచ్చాడు. అమరావతి పక్కనున్న ఆ ధరణికోట కృష్ణ ఒడ్డున మంచి పట్టున్న చోటు. అక్కడ అల్లుడుంటే తీరానికి దారి పదిలంగా ఉన్నట్టే. బేతరాజు పోయాడు. గణపాంబ చితి ఎక్కలేదు, పుట్టింటికీ పోలేదు. ధరణికోటలోనే ఉండి ఆ రాజ్యం తానే ఏలింది, భర్త పేరున గుడి కట్టించింది. గుంటూరుకు దగ్గర్లోని యనమదల శాసనం, శక సంవత్సరం 1172 నాటిది, అంటే 1250 ప్రాంతం, ఆమె చేసిన పనులను ఆమె పేరు మీదే చెబుతుంది.

నాగమ్మా విధవరాలే, గణపాంబా విధవరాలే. ఇద్దరూ ఏలారు. ఒకామెను కుట్రదారంటారు, ఒకామెను పుణ్యాత్మురాలంటారు. స్వభావాల తేడా ఉండే ఉంటుంది. కానీ గణపాంబకు ఎవరికీ విషం పెట్టించాల్సిన అవసరమే రాలేదన్నది కూడా చూడాలి. ధరణికోట మీద కన్నేసినవాడికి వెనక ఓరుగల్లు ఏనుగులు కనిపిస్తాయి. తండ్రి గణపతిదేవుడైతే ఎవరైనా ధర్మంగా ఏలగలరు. మాట కాస్త కటువుగా ఉంది గానీ అబద్ధం కాదు. ఇంకొకటి కూడా ఉంది. గణపాంబ కథ రాళ్ల మీద చెక్కించింది గణపాంబే. నాగమ్మ కథ పాడుతున్నది ఆమె చేతిలో చనిపోయిన వీరులను కొలిచేవాళ్లు. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల తిరునాళ్లలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఐదు రోజులు జరుగుతాయి. కొణతాలు, అంటే వీరుల ఆయుధాలు పట్టుకొని, ఆ వీరులను కొలిచే వీరాచారవంతులు వస్తారు. ఆ ఐదు రోజుల్లో ఎక్కడ చూసినా నాగమ్మ ఎదుటి పక్షమే. ఓడినవాళ్ల కథ గెలిచినవాళ్లు చెప్పడం మామూలే గానీ, ఇక్కడ రెండు పక్షాలూ ఓడాయి. చచ్చినవాళ్లు దేవుళ్లయ్యారు, మిగిలినామె దోషి అయింది.

ఇంకో కూతురి లెక్క మరో రకం. రుద్రమను గణపతిదేవుడు ఇచ్చి పంపడానికి కాదు, ఇంట్లో ఉంచుకోవడానికి పెంచాడు. అందుకే నిడదవోలు చాళుక్యుల ఇంటి వీరభద్రుణ్ని వెతికాడు. వంశం గొప్పది, బలం చిన్నది. కోట వంశం లాంటి చోటికి ఇస్తే అల్లుడు ఓరుగల్లునే మింగేయొచ్చు. నిడదవోలు అల్లుడికి ఆ భయం లేదు. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. మగపేరు పెట్టుకున్నది మోజు కోసం కాదు. కూతురికి రాజ్యమేమిటని అడిగే సామంతుల నోరు మూయించడానికి ఆమెను కాగితం మీద కొడుకును చేశారు, కాగితం అంటే ఆనాటికి రాయి. వారసుడి దగ్గరకొచ్చేసరికి మళ్లీ అదే జాగ్రత్త. ఆమెకు కొడుకులు లేరు. కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ని దత్తత తీసుకుంది. మనవణ్ని మనవడిగా ఉంచితే అల్లుడి వంశం, దత్తత తీసుకుంటే కాకతి వంశం. ఒక్క దత్తతతో రాజ్యం ఇల్లు దాటకుండా ఆగింది.

ఆమె శాసనాల్లో అన్నిటికంటే తెలిసింది 1261 నాటి మల్కాపురం శాసనం. విశ్వేశ్వర శివాచార్యులకు మందడం, వెలగపూడి గ్రామాలు దానమిచ్చిన ఆ శాసనంలో ప్రసూతిశాల నిర్వహణ కూడా ఉంది. విజయవాడ నుంచి కరకట్ట మీదుగా వెలగపూడి సచివాలయానికి రోజూ వెళ్లొచ్చే ఉద్యోగులు ఏడున్నర శతాబ్దాల కింద ఒక ఆడది దానం చేసిన ఊళ్లోనే సంతకం పెట్టి డ్యూటీ ఎక్కుతున్నారు. గణపాంబ యనమదల శాసనానికీ దీనికీ మధ్య దూరం పదకొండేళ్లే. ఒకే తండ్రి కూతుళ్లు, ఒకే జిల్లాలో రాళ్లు. ఒకామె రాజ్యం పెళ్లి వల్ల వచ్చింది, ఒకామె రాజ్యం పెళ్లిని జాగ్రత్తగా చేయడం వల్ల నిలిచింది.

రుద్రమ మాత్రం సుఖంగా ఏలిందనుకోకూడదు. 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని చెబుతుంది. సామంతుడైన కాయస్థ అంబదేవుడి తిరుగుబాటును అణచబోయి యుద్ధంలోనే మరణించి ఉంటుందని చరిత్రకారుల అంచనా. మగపేరు, దత్తత, సైన్యం అన్నీ ఉన్నా, చివరి దాకా ఆమె అధికారాన్ని ఒప్పుకోనివాళ్లు ఉన్నారన్నమాట.

మోటుపల్లి రేవు గురించి రాసిన మార్కో పోలో ఈ దేశాన్ని ఒక రాణి ఏలుతోందని, భర్త పోయాక మళ్లీ పెళ్లి చేసుకోకుండా నలభై ఏళ్లుగా న్యాయంగా పాలిస్తోందని రాశాడు. రుద్రమ గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. వెనిస్ వర్తకుడు పొరపాటు పడ్డాడని చరిత్ర పుస్తకాలు చెప్పి ఊరుకుంటాయి. కానీ అది ఊరికే పడిన పొరపాటులా లేదు. ఆడది ఏలుతోందంటే విధవరాలై ఉండాలి. భర్త పోతే తప్ప ఆడదానికి సింహాసనం దాకా దారి ఉండదని పరదేశి మనసు కూడా లెక్క కట్టింది. తండ్రి కావాలని కూతుర్ని కూర్చోబెట్టి ఉంటాడన్నది అతనికి తట్టలేదు.

మళ్లీ కారెంపూడికి వస్తే, నాగులేరు ఒడ్డున యుద్ధం ముగిసేసరికి ఏలడానికి నలగాముడు మిగిలాడు గానీ పోరాడటానికి మనుషులు మిగల్లేదు. కొడుకును పోగొట్టుకున్న బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడు. ఆ బిలం ఇప్పుడు యాత్రాస్థలం. నాగమ్మను చంపకుండా బ్రహ్మనాయుడు క్షమించి వదిలేశాడని ఒక కథనం ఉంది. క్షమించాడు సరే. పుట్టింటి పొలాలు వదిలి వచ్చి ఎన్నో ఏళ్లైన మనిషి, రాజు చెవి తప్ప ఏమీ కూడబెట్టుకోని మనిషి, ఆ యుద్ధభూమి నుంచి ఏ ఊరి దారి పట్టిందో ఒక్కో గాయకుడు ఒక్కోలా చెబుతాడు. కొందరు ఆ మాట ఎత్తకుండానే బాలచంద్రుడి మీద మంగళం పాడి ముగిస్తారు.